గృహారోగ్యము: అమ్మ కీళ్లవాతమును పసిబిడ్డలకు దెలుపు విధము

ఈ శీర్షిక క్రింద మేము సాధారణముగా మందులను గూర్చియు, పథ్యములను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసమున విచారింపబూనిన విషయము మందుసీసాలో దొరకునది కాదు. కీళ్లవాతముచే బాధపడుచున్న తల్లి తన పసిబిడ్డకు ఆ వ్యాధిని గూర్చి యేమి చెప్పవలెను? ఎంత చెప్పవలెను? అసలు చెప్పవలెనా, దాచవలెనా? వైద్యుడు ఔషధము వ్రాసి యిచ్చును గాని యీ ప్రశ్నలకు సమాధానము వ్రాసి యీయడు. బిడ్డ యడిగిన క్షణముననే, వంటయింటి గుమ్మములోనే, తల్లి వానికి బదులు చెప్పుకొనవలసి యుండును.

ఒక సోదరి మాకిట్లు వ్రాసినది. ఆమెకు 32 ఏండ్లు. నాలుగేండ్ల కుమారుడు గలడు. ఏడాదిగా ఆమె మణికట్లును, వ్రేళ్ల కణుపులును వాచుచున్నవి. ఒకనాటి యుదయమున బాలుడు పరుగున వచ్చి యామె చేతులమీద వ్రాలగా, నొప్పికి తాళజాలక యామె కేకవేసినది. అది మొదలు బాలుడు తల్లిని దూరమునుండియే చూచుచు, నిద్రవేళ నాయనమ్మ ప్రక్కను జేరుచున్నాడట. “వానికి కోపమో భయమో తెలియకున్నది. ఏమని చెప్పవలెనో తోచకున్నది” అని యామె వ్రాసినది. ఇట్టి తల్లులు మన యిండ్లలో ననేకులు గలరు గాన, ఎల్లరకు బనికివచ్చునట్లు సమాధానము వ్రాయుచున్నాము.

ముందుగా తల్లి తన వ్యాధి యెట్టిదో తాను గ్రహింపవలెను. మన వాడుకలో కీళ్లనొప్పులన్నిటికిని వాతమను నొకటే పేరు. కాని వయసు మీఱినకొలది మోకాళ్లలోని మృదులాస్థి యరిగి వచ్చు నొప్పి వేఱు. మేమిచ్చట చెప్పునది వేఱు. దీనిని వైద్యులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అందురు. ఈ పేరు 1859లో ఆల్ఫ్రెడ్ గ్యారడ్ అను ఆంగ్లవైద్యుడు పెట్టినది. మన మాధవనిదానమునందు ఆమవాతమునకు ప్రత్యేకముగా నొక అధ్యాయము గలదు. అందు జెప్పిన లక్షణములు కొన్ని దీనికి దగ్గఱగా నున్నవి.

శరీరమున రోగక్రిములతో బోరాడు రక్షణశక్తి యొకటి గలదు. ఈ వ్యాధియందు ఆ శక్తి దారి తప్పి, కీళ్ల లోపలి పలుచని పొరనే శత్రువని భ్రమించి దానిపై బడును. ఆ పొర వాచును. కీలు వేడెక్కి బిగియును. చికిత్స లేక చాలకాలము గడచినచో ఎముక సహితము చెడి వ్రేళ్లు వంకరపోవును. చేతివ్రేళ్లు, మణికట్లు, పాదములు కుడియెడమల రెండింటను బాధించుట సామాన్యము. నిద్రలేచిన పిమ్మట అరగంట మొదలు గంటకు పైగా కీళ్లు బిగిసి యుండుట దీని ముఖ్యలక్షణము. దానితో గూడ పనిచేయకయే పనిచేసినంత యలసట కలుగును. పురుషులకంటె స్త్రీలకిది రెండుమూడు రెట్లు అధికముగా వచ్చును. గర్భముతో నున్నపుడు పలువురకు ఉపశమించి, ప్రసవమైన కొన్ని నెలలకు మరల విజృంభించుటయు గలదు. ఒడిలో బిడ్డ యున్న కాలముననే తల్లి చేతులు పట్టు దప్పుటకు ఇదియొక కారణము.

ఇక దాచుటను గూర్చి. “పసివానికేమి తెలియును? ఏమియు లేదని చెప్పిన చాలును” అని పెక్కుమంది పెద్దలు తలంతురు. నాలుగేండ్ల బిడ్డకు శాస్త్రము తెలియకపోవచ్చును గాని, తల్లి ముఖము చదువుట బాగుగ దెలియును. తల్లి పాలగిన్నెను రెండు చేతులతో బట్టుట, జడ వేయుచు నడుమ నాగుట, తండ్రితో గొంతు తగ్గించి మాటాడుట, ఇవన్నియు బిడ్డ చూచుచునే యుండును. మనము కారణము చెప్పనియెడల తానే యొక కారణమును గల్పించుకొనును. అట్లు కల్పించుకొను కారణము పెక్కుసారులు తన తప్పే యగును. పైన జెప్పిన బాలుని సంగతి యిదియే యని మా యూహ. తాను మీద పడుటచేతనే యమ్మకు జబ్బు వచ్చినదని వాడు నిశ్చయించుకొని, అమ్మకు మరల హాని చేయకుండుటకై దూరముగా నిలుచుచున్నాడు. అది కోపము కాదు, ప్రేమయే. మాట లేకపోవుటచేత ఆ ప్రేమ తల్లికి దూరమగుచున్నది.

పసిబిడ్డ మనస్సులో మూడు ప్రశ్నలుండును. నోటితో నడిగినను అడుగకున్నను వానికి సమాధానము చెప్పవలెను. మొదటిది: “ఇది నా వల్ల వచ్చిందా?” దీనికి తడబాటు లేని సమాధానము కావలెను. పిల్లలతో గ్రంథభాష పనికిరాదు గనుక వాడుకమాటలలోనే యిట్లు చెప్పవచ్చును: “నాన్నా, అమ్మ చేతుల నొప్పి నీ వల్ల రాలేదు. నువ్వు అల్లరి చేసినందుకూ రాలేదు, నువ్వు ఎక్కినందుకూ రాలేదు. ఆ రోజు అమ్మ అరిచింది నీ మీద కోపంతో కాదు, నొప్పి పుట్టి.” ఇది యొక్కసారి చెప్పిన చాలదు. కీళ్లు వాచినప్పుడెల్ల మరల మరల చెప్పవలెను.

రెండవది: “నాకూ వస్తుందా?” ఇది అంటువ్యాధి కాదు. “ఇది జలుబులాంటిది కాదు. నన్ను ముట్టుకున్నా, ముద్దు పెట్టుకున్నా, నా కంచంలో తిన్నా నీకు అంటదు” అని చెప్పవలెను. తల్లికిగల జబ్బు బిడ్డకు వచ్చునేమో యను దిగులు తల్లులకును గలదు. దగ్గఱి చుట్టములలో నిది యున్నవారికి కొంచెము ఎక్కువగా వచ్చు నవకాశము గలదన్నది నిజమే. అయినను, ఈ వ్యాధిగల తల్లుల బిడ్డలలో అధికసంఖ్యాకులకిది రానేరాదు. ఇంటిలో బీడీ, చుట్ట, సిగరెట్టు లేకుండ జేసికొనుట మాత్రము మన చేతిలోని పని. పొగత్రాగుట యీ వ్యాధి వచ్చు నవకాశమును హెచ్చించును.

మూడవది యడుగుట కష్టము, చెప్పుట యింకను కష్టము: “అమ్మా, నువ్వు చచ్చిపోతావా?” బిడ్డ యీ మాట యన్నప్పుడు “ఛీ, అశుభం పలకకు” అని నోరుమూయించుట మన యిండ్లలో సహజము. అట్లు చేసినచో ప్రశ్న పోదు, లోపలికి బోవును. “ఇది చాలారోజులుండే నొప్పి. కానీ అమ్మను నీ దగ్గరనుంచి తీసుకుపోయే జబ్బు కాదు. డాక్టరుగారు చూస్తున్నారు, నేను మందు వేసుకుంటున్నాను” అని నెమ్మదిగా జెప్పవలెను. “రేపటికి తగ్గిపోతుంది” అని మాత్రము చెప్పరాదు. ఱేపు వచ్చును, నొప్పి యట్లే యుండును, బిడ్డ మన మాటను నమ్ముట మానివేయును. “ఈరోజు ఎక్కువగా ఉంది, కొన్నాళ్లు తక్కువగా ఉంటుంది” అనుట సత్యము, చాలును.

వ్యాధి స్వరూపమును దెలుపుటకు ఇంటిలోని వస్తువులే మేలైన ఉపమానములు. మూడు, నాలుగేండ్ల వారికి తలుపును జూపుడు. వానకాలమున కొయ్యతలుపు ఉబ్బి బిగిసికొనును. బలముగా లాగినచో కిఱ్ఱుమనును. పొడి యెండ కాసిన పిమ్మట వదులగును. “పొద్దున్నే అమ్మ వేళ్లు వానలో తడిసిన తలుపులాగా బిగుసుకుంటాయి. కాసేపు ఆగితే, వేడినీళ్లలో పెట్టుకుంటే వదులవుతాయి. అప్పుడు నీకు జడ వేస్తాను.” దీనిచేత బిడ్డకు రెండు సంగతులు తెలియును: ఉదయమున అమ్మను తొందరపెట్టరాదనియు, అమ్మ “కాసేపాగు” అన్నది “వద్దు” అనుట కాదనియు.

అయిదాఱేండ్లు దాటినవారికి ఊరి కావలివాని కథ చెప్పవచ్చును. “మన ఒంట్లో కావలివాళ్లుంటారు. దొంగలు, అంటే జబ్బు క్రిములు, వస్తే తరిమేస్తారు. అమ్మ ఒంట్లో కావలివాళ్లు పొరబడి, సొంత ఇంటివాళ్లనే దొంగలనుకొని కొడుతున్నారు. మందు వాళ్లకు నెమ్మది నేర్పుతుంది.” కడు చిన్నవారికీ కథ చెప్పవలదు. అమ్మ లోపల నెవరో కొట్టుకొనుచున్నారని రాత్రి బెదరుదురు.

అలసటను దెలుపుట అన్నిటికంటె కష్టము. ఏలయన అది కంటికి గానరాదు. వాచిన వ్రేలు బిడ్డకు కనబడును, నీరసము కనబడదు. దీనికొక యాటను సూచించుచున్నాము. ఒక చిన్న బిందెలో నీరు నింపి బిడ్డ యెదుట నుంచుడు. “ఇది అమ్మకు ఈరోజు ఉన్న బలం. వంటకు రెండు చెంబులు, బట్టలకు రెండు చెంబులు, నీ స్నానానికి ఒక చెంబు.” ఇట్లు చెప్పుచు బిడ్డచేతనే తీయింపుడు. బాధ హెచ్చుగానున్న నాడు బిందెను సగమే నింపుడు. నీరు ముందే అయిపోవుట బిడ్డ తానే చూచును. కడపట, “నీకు కథ చెప్పడానికి ఒక చెంబు ముందే దాచిపెట్టాను” అనుట మఱవకుడు. ఆ చెంబు నిజముగానే దాచవలెను. సాయంకాలము ఇంటిపనిలో నేది మిగిలినను మిగులుగాక, ఆ పావుగంట బిడ్డకు ముట్టజెప్పవలెను.

ఏడెనిమిదేండ్ల వారికి మఱియొక యాట గలదు. చేతివ్రేళ్లకు గుడ్డపీలికలను దళసరిగా జుట్టి, చొక్కాగుండీలు పెట్టుకొనుమనుడు. చిక్కుడుకాయ యీనె దీయుమనుడు. రెండు నిమిషములలో వారికి నవ్వును వచ్చును, విసుగును వచ్చును, సంగతియు దెలియును. అటుపిమ్మట అమ్మ గుండీలు పెట్టుటలో నాలస్యము చేసినను చిరచిరలాడరు.

ఇంటిలోని అత్తగార్లకును, పెద్దలకును మా మనవి యొకటి. “నీ అల్లరితోనే మీ అమ్మకు జబ్బు చేసింది”, “మాట వినకపోతే అమ్మకు మళ్లీ నొప్పులొస్తాయి” అను మాటలు మన యిండ్లలో నెంతయో తేలికగా నోట వచ్చును. అల్లరి మాన్పుటకై యాడిన ఆ మాటను బిడ్డ సత్యమని నమ్మును; పెద్దవాడైన పిమ్మటను మోయును. దృష్టి తగిలినదనియు, పూర్వజన్మపాపమనియు బిడ్డ వినుచుండగా జెప్పుకొనుటయు అట్టిదే. నొప్పితోనున్న తల్లికి ఆ మాటవలన నుపశమనము లేదు. బిడ్డకు భయము మాత్రము మిగులును.

ఎత్తుకొనుట మాటకు వత్తము. “అమ్మ నన్ను ఎత్తుకోదు” అన్నదే పసిబిడ్డకు పెద్ద దుఃఖము. ఎత్తుకొనలేని తల్లి హత్తుకొనగలదు. తల్లి మంచముమీద గోడకానుకొని కూర్చుండి, ఒడిలో దిండు నుంచుకొని, బిడ్డనే యెక్కి రమ్మనవలెను. వ్రేళ్లతో గాక మోచేతులతో బిడ్డను జుట్టవలెను. “పరుగెత్తి రావద్దు, నెమ్మదిగా రా” అని కాక, “పిల్లిలాగా రా” అనిన బిడ్డకది యాటయగును. వాచిన దినమున ముట్టరాని చోటును, ముట్టదగిన చోటును జూపి, “ఈరోజు చేతులు వద్దు, బుగ్గ సరే” అని చెప్పుడు. అట్లు చెప్పినచో బిడ్డకు త్రోసివేయబడితినను తలపు కలుగదు. నాయనమ్మ ప్రక్కను జేరిన ఆ బాలునికిని మొదటి చికిత్స యిదియే. మొదట మాట చెప్పి, పిమ్మట దారి చూపవలెను.

బిడ్డకు సహాయము చేయనిచ్చుట మంచిది. సీసామూత తెచ్చి నాన్న చేతికిచ్చుట, క్రిందబడిన గరిటె తీయుట, అమ్మ పాదములకడ చెప్పులు పెట్టుట వంటి చిన్నపనులచేత బిడ్డకు గర్వము గలుగును. తాను నిస్సహాయుడను కాననుకొనును. కాని దీనికొక మేర యుండవలెను. తల్లి జబ్బుపడిన యింట ఏడెనిమిదేండ్ల ఆడపిల్ల నెమ్మదిగా వంటయు, అంట్లును, తమ్ముని యాలనపాలనయు నెత్తిన వేసికొనుట మనము చూచుచునే యున్నాము. అందఱును “బంగారుతల్లి” యని మెచ్చుకొందురు; ఆ పిల్ల యాటలు ఎప్పుడు మానినదో ఎవరును గమనింపరు. తల్లి చేయలేని పనిని పంచుకొనవలసినవారు భర్తయు, ఇంటిలోని తక్కిన పెద్దలునుగాని బడికి పోవు పిల్ల కాదు. బాలుడైనను బాలికయైనను చేయదగినది ఒకటే కొలత: ఆడుకొనుటకు పోవుచు చేయగల పని.

మందులను గూర్చియు బిడ్డకు జెప్పవలెను. ఈ వ్యాధికి ప్రపంచమంతట వైద్యులు సాధారణముగా మొదట నెన్నుకొను ఔషధము మెథోట్రెక్సేట్. తెలుగుబిడ్డలకు దీని వెనుక నొక మంచి కథ గలదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధన నడపుచుండగా, వారి బృందము 1940ల దశాబ్దమున ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసినది. దాని పనిని అడ్డగించు మెథోట్రెక్సేట్ వంటి ఔషధములను గూడ రూపొందించినది. వారు 1948లో స్వర్గస్థులైరి. కాన్సరుకొఱకు బుట్టిన యా మందు పిమ్మట చిన్నమోతాదులలో కీళ్లవాతమునకు బనికివచ్చుట తేలి, 1988లో అమెరికాలో నీ వ్యాధికి ప్రభుత్వానుమతి బడసినది. దానితో గూడ వైద్యులిచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రయు ఆ ప్రయోగశాల ప్రసాదమే. “మన భీమవరంలో పుట్టిన తాతగారు ఈ మందు చేయించారు” అనిన బిడ్డకు మందుడబ్బా భయంకరముగా దోచదు.

ఇచ్చట తల్లులకు ముఖ్యమైన హెచ్చరిక. ఈ వ్యాధికి మెథోట్రెక్సేట్ మాత్రను వారమునకు ఒక్కదినము మాత్రమే పుచ్చుకొనవలెను. పొరబాటున దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. దినమును నిర్ణయించుకొని గోడమీది క్యాలెండరులో వ్రాసికొనుడు; ఆ దినమున చుక్క పెట్టు పనిని బిడ్డకు అప్పగింపవచ్చును. మాత్రలను మాత్రము బిడ్డ చేతికి అందనిచోట తాళము వేసి యుంచుడు. వానిని తెచ్చి యిచ్చు పని బిడ్డకు ఎన్నడును జెప్పకుడు. మరల గర్భము ధరింపదలచినవారును, చనుబాలిచ్చువారును వైద్యునకు ముందుగా దెలుపవలెను. గర్భస్థశిశువునకు ఈ మందు హానికరము. ఇట్టి మందులు రక్షణశక్తిని కొంత తగ్గించును గాన, బయటినుండి వచ్చిన బిడ్డ చేతులు సబ్బుతో గడుగుకొనుట అమ్మకు నిజమైన రక్షణ. ఈ పని “అమ్మకు నువ్వు చేసే సాయం” అని చెప్పిన బిడ్డలు ఉత్సాహముతో జేయుదురు. అయితే అమ్మకు జ్వరము వచ్చినచో నది బిడ్డ చేతులు కడుగకపోవుటచేతనే యని యెవ్వరును అనరాదు.

కీళ్లవాతముగల తండ్రియొద్ద బెరిగిన పిల్లల దృష్టాంతము చరిత్రలో నొకటి గలదు. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు రెన్వారునకు నడివయసున నీ వ్యాధి పట్టుకొన్నది. నేటి మందులేవియు నాడు లేవు. కడపటి యేండ్లలో ఆయన వ్రేళ్లు ముడుచుకొనిపోయినవి. చక్రముల కుర్చీలో గూర్చుండెను. అరచేతి చర్మము ఒరసికొనకుండ గుడ్డ చుట్టుకొని, కుంచెను చేతిలో బెట్టించుకొని చిత్రించుచుండెను. 1915లో దీసిన యొక చలనచిత్రమున ఆయన కడపటి కుమారుడు క్లోడ్ తండ్రి ప్రక్క నిలిచి కుంచె అందించుట నేటికిని చూడవచ్చును. 1919లో మరణించువఱకును ఆయన చిత్రరచన మానలేదు. మఱియొక కుమారుడు జాన్ పేరుగన్న చలనచిత్ర దర్శకుడై, తండ్రిని గూర్చి 1962లో నొక గ్రంథము ప్రకటించెను. తండ్రి వ్రేళ్ల వంకరను ఆ పిల్లలు చూచిరి. ఆ చేతులు చేసిన పనిని గూడ చూచిరి. మన బిడ్డలును రెంటిని జూడవలెను. నొప్పినే చూపి పనిని దాచకుడు. పనినే చూపి నొప్పిని దాచకుడు.

కడపట నొక మాట. తల్లిని జూచి బిడ్డయు “నాకూ కాలు నొప్పి” యనుట గలదు. అది పెక్కుసారులు అనుకరణమో, ఆదరము గోరుటయో యగును. అయినను కసరక పరీక్షింపుడు. 16 ఏండ్ల లోపు పిల్లలకును కీళ్లవాతములు గలవు. ఉదయమున కుంటుట, ఒక కీలు వాచియుండుట, ఒక చేతిని వాడక దాచుకొనుట కనబడినచో వైద్యునకు జూపుడు; ఆఱు వారములు నిండువఱకు వేచియుండ నక్కఱలేదు. అట్టి పిల్లలలో గొందఱికి నొప్పియు ఎఱుపును లేకయే కంటిలోపల వాపు కలుగవచ్చును గాన, కన్నులను గూడ పరీక్ష చేయింపవలెను.

ఈ వ్యాధి నేటికిని సమూలముగా నశించునది కాదు; కాని తొలినాళ్లలోనే వైద్యుని జేరి మందు క్రమముగా వాడువారిలో పలువురకు అదుపులో నుండును. కనుక బిడ్డతో మాటాడుటయు ఒక్కనాటితో ముగియునది కాదు. నాలుగేండ్లనాడు తలుపు కథ, ఆఱేండ్లనాడు కావలివాని కథ, పదేండ్లనాడు వ్యాధి పేరును మందు పేరును చెప్పవలెను. బిడ్డ పెరిగినకొలది సత్యమును బెంచి యిచ్చుచుండుడు. బిడ్డ యడిగినప్పుడు చేతిలోని పని దింపి, ముఖము చూచి బదులు చెప్పుడు. మన సోదరీమణులు దీనిని ఆచరించి, తమకు గలిగిన యనుభవములను మాకు వ్రాసిన, తక్కిన తల్లులకు నుపయోగపడునట్లు ప్రకటింతుము.